ఆ పిల్లి బతికే ఉందా, డాక్టరమ్మా?

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకనున్నవాళ్ళు ముందుకు రండి, నా గొంతు ఇదివరకంత గట్టిగా లేదు. ఎవరికైనా ఆయాసంగా ఉంటే కిటికీ వైపు కూర్చోండి. మధ్యలో దగ్గు వస్తే మొహమాటపడి ఆపుకోకండి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను విన్నవి దగ్గులే. ఏది ఉత్త దగ్గో, ఏది లేచి పరుగెత్తాల్సిన దగ్గో ఇప్పటికీ చెవికి తెలిసిపోతుంది.

తొంభై ఎనిమిదో సంవత్సరం, వానలు మొదలయ్యే రోజుల్లో, రాజమండ్రిలో ఒక ఎలర్జీ, ఆస్తమా క్లినిక్‌లో నన్ను ఇంజక్షన్ గదికి వేశారు. అంతకు ముందు అక్కడే ఊడ్చి తుడిచే పని చేసేదాన్ని. నాకు పెద్ద చదువు లేదు. ఐదో తరగతిలో ఉండగా మా తమ్ముడిని ఎత్తుకునే పని పడి బడి మానేశాను. అయినా డాక్టరమ్మ గారు నన్ను పిలిచి, "సత్యవతీ, నీకు మనుషుల మొహాలు గుర్తుంటాయి. నాకు ఆ గదిలో కావలసింది అదే" అన్నారు. ఆవిడ పేరు అన్నపూర్ణ గారు. ఆవిడ సంగతే ఈ కథలో ముఖ్యం. నేను చూసినదాన్ని మాత్రమే.

ఆ గదిలో ఎవరి పని వాళ్ళది. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది డాక్టరమ్మ గారు నిర్ణయించేవారు. సీసా లోంచి మందు సిరంజిలోకి తీసి, జబ్బకి చర్మం కింద వేసేది సిస్టర్ గారు. ఆ తరవాత మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి అరగంట సేపు కనిపెట్టి ఉండేది ఆయా, అంటే నేను. సూది వేయడం ఎంతసేపు, చిటికెలో పని. అసలు పని ఆ అరగంటదే. మొహం ఎర్రబడుతోందా, ఒంటి మీద దద్దుర్లు లేస్తున్నాయా, గొంతు గీరుకుంటున్నారా, మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారా, ఇవన్నీ చూడాలి. ఏ కాస్త తేడా వచ్చినా కేక వేయాలి. అందుకోసం పక్కనే ఒక పళ్ళెంలో అడ్రినలిన్ మందు సిద్ధంగా ఉండేది. పొద్దున్నే వచ్చీ రాగానే డాక్టరమ్మ గారు చేసే మొదటి పని ఆ పళ్ళెం చూసుకోవడం. దేవుడి గదిలోకి కూడా ఆవిడ ఆ తరవాతే వెళ్ళేవారు.

ఈ వైద్యం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఒకరికి దుమ్ము పడదు, ఒకరికి పువ్వుల పుప్పొడి పడదు, ఒకరికి పిల్లి పడదు. ఏది పడదో ఆ వస్తువు సారాన్నే బాగా పలచన చేసి, వారానికోసారి ఒంట్లోకి ఎక్కిస్తారు. ప్రతిసారీ రవ్వంత పెంచుతారు. ఒక స్థాయికి వచ్చాక నెలకోసారి. అలా మూడేళ్ళు, ఐదేళ్ళు సాగుతుంది. డాక్టరమ్మ గారు కొత్తవాళ్ళకి ఇలా చెప్పేవారు: "మీ ఒంటికి పిల్లి కనబడితే దొంగ వచ్చినట్టు ఉంటోంది. వచ్చింది దొంగ కాదు, ఇంటి మనిషే అని నెమ్మదిగా పరిచయం చేస్తాం. అందరి ఒళ్ళూ వింటుందని నేను మాట ఇవ్వను. విన్నా, నోటితో పీల్చే పఫ్ మానేయమని అనను." కుదురుతుందని చెప్పేటప్పుడే కుదరకపోవచ్చనీ చెప్పే డాక్టర్లను అంతకు ముందు నేను ఎక్కువగా చూడలేదు.

ఆ వానాకాలంలోనే పాలకొల్లు నుంచి పద్మావతి వచ్చింది. పాతికేళ్ళు దాటని పిల్ల. ఆ ఊరి బజారులో కిరాణా కొట్టు వాళ్ళ కోడలు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఒక్క తలుపు. పెళ్ళికి ముందు పడిశం తప్ప ఏమీ ఎరగదట. అత్తవారింటికి వచ్చిన ఏడాదికల్లా ఊపిరాడని జబ్బు పట్టుకుంది. పప్పుల దుమ్మని కొన్నాళ్ళు, మిరపకాయల ఘాటని కొన్నాళ్ళు అనుకున్నారు. ఎన్ని మందులు వేసినా కొట్లో కూర్చున్న గంటకే ఈల వేసినట్టు ఊపిరి. ఆ పిల్లకేమో కొట్లో కూర్చోవడమే ఇష్టం. తూకంలో చెయ్యి తిరిగిన మనిషి. మామగారు పోయాక భర్త సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటే కొట్టు నడిపిస్తున్నది అత్తాకోడళ్ళే.

డాక్టరమ్మ గారు చేతి మీద పరీక్ష చేశారు. మోచేతి కింద వరసగా రకరకాల సారాల చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీద సూదిమొనతో చిన్నగా గీటుతారు. పావుగంట ఆగి ఎక్కడ పొంగిందో స్కేలు పెట్టి కొలుస్తారు. పద్మావతికి పప్పుల దుమ్ము దగ్గర ఏమీ లేదు. పిల్లి చుక్క దగ్గర మాత్రం దోమ కుట్టినచోట గోకితే లేచినట్టు ఇంత బుడిపె లేచింది.

"ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగారు డాక్టరమ్మ గారు.

భార్యాభర్తలిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. భర్త అన్నాడు: "కిరాణా కొట్టండి. పిల్లి లేకపోతే ఎలుకలు మమ్మల్ని కూడా మిగల్చవండి."

"పంపించేయడానికి వీలుపడదా?"

"పంపించామండి. గోనెసంచిలో పెట్టి కాలవ అవతల వదిలేసి వచ్చాను. నేను ఇంటికి వచ్చేసరికి అది కందిపప్పు బస్తా మీద పడుకుని ఉంది. నాకంటే ముందు వచ్చిందండి, బస్సెక్కిందేమో మరి."

పద్మావతి నవ్వబోయి దగ్గింది. డాక్టరమ్మ గారు మాత్రం నవ్వలేదు, ఆలోచించారు. పిల్లి పడకగదిలోకి రాకూడదనీ, పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకాలనీ, కొట్లో కట్టుకున్న చీరతో పడుకోకూడదనీ చెప్పారు. ఆయాసం ముందు అదుపులోకి రావాలని పఫ్‌లు రాసి ఇచ్చారు. రెండు నెలలు అలా చూసి, ఊపిరి కుదుటపడ్డాకే ఇంజక్షన్లు మొదలుపెట్టారు. ఆస్తమా అదుపులో లేని మనిషికి ఈ సూది వేయకూడదు, అది మొదటి నియమం. వచ్చిన ప్రతిసారీ ముందు ఒక గొట్టంలోకి గట్టిగా ఊదాలి. ఎంత బలంగా ఊదారో ముల్లు చూపిస్తుంది. ముల్లు ఎప్పుడూ నిలబడే చోటికి రాకపోతే ఆ వారం సూది లేదు. ఎంత దూరం నుంచి వచ్చినా అంతే.

అరగంట బల్ల మీద పద్మావతికి జోడీ కడియం సూర్రావు గారు. ఆయనది మొక్కల నర్సరీ. దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగులు ఆయనకి పడవు. దుమ్ము మందు వేయించుకోవడానికి వచ్చేవారు. లారీల్లో మొక్కలెక్కించి ఎక్కడెక్కడికో పంపే మనిషి, నోరు ఊరుకోదు. "ఆయ్, పద్మావతి గారూ, మీ పిల్లి కులాసానాండీ? మా పురుగులు మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాయండి" అనేవారు. ఆ పిల్ల చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. నవ్వితే నాకు భయం, దగ్గొస్తుందేమోనని. కానీ వారాలు గడిచేకొద్దీ నవ్వు తరవాత వచ్చే దగ్గు తగ్గుతూ వచ్చింది. అది మందు వల్లో, ముందు నుంచీ వాడుతున్న పఫ్ వల్లో అప్పుడే చెప్పలేమని డాక్టరమ్మ గారు అన్నారు.

ఒకసారి భర్త ఊళ్ళో లేక పద్మావతి వెంట అత్తగారు వచ్చారు. సుబ్బరత్నమ్మ గారని, సన్నటి మనిషి, నుదుట పెద్ద విభూతి రేఖ. క్షీరారామలింగేశ్వరుడి దర్శనం చేసుకోకుండా మంచినీళ్ళు కూడా ముట్టరట. ఉల్లి, వెల్లుల్లి కూడా ఇంట్లోకి రానివ్వని మడి. కోడలి సంచి తనే మోసుకుని వచ్చి, బల్ల మీద కొంగుతో దుమ్ము దులిపి, "కూర్చో అమ్మా, నెమ్మది" అన్నారు. అత్తగారంటే ఎలా ఉంటారో అని చూసిన నాకు ముచ్చటేసింది.

సూది అయింది. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. సూర్రావు గారు ఆ మూల నుంచి పలకరించారు.

"పిన్నిగారండీ, మీ కోడలు గారికి ఇంక భయం లేదండి. పిల్లి రసం బాగా వంటబట్టిందండి. రేపోమాపో ఎలకల్ని కూడా ఆవిడే పట్టేస్తారండి!"

సుబ్బరత్నమ్మ గారు ఆయన వైపు తిరిగారు. "ఏ రసం నాయనా?"

"పిల్లిదండి. దుమ్ము పడనోళ్ళకి దుమ్ము, పిల్లి పడనోళ్ళకి పిల్లి. అదేనండి ఈ వైద్యం."

ఆవిడ మొహంలో రంగు పోయింది. కోడలిని అడిగారు, "నీకు తెలుసా?" అని. పద్మావతి తల వంచుకుంది. తెలుసు, చెప్పలేదు. ఆవిడ లేచి తిన్నగా డాక్టరమ్మ గారి గదిలోకి వెళ్ళారు. అరగంట కాకుండా మనిషిని వదలకూడదు కాబట్టి నేను పద్మావతి దగ్గరే ఉన్నాను. తలుపు తీసే ఉంది, మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఆ సూదిమందు పిల్లిలోంచి తీస్తారా డాక్టరమ్మా?"

"అవునండి."

"ఆ పిల్లి బతికే ఉందా?"

మన ఇళ్ళల్లో ఈ మాటకున్న బరువు మీకు తెలుసు. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలంటారు. అప్పటికీ ఆ పాపం పోతుందో పోదో అంటారు. మా అమ్మ పొరపాటున తలుపు వేసి పిల్లి తోక నలిపినందుకే మూడు సోమవారాలు ఉపవాసం ఉంది. సుబ్బరత్నమ్మ గారి భయం మాంసం గురించి ఒక్కటే కాదు. ఒక ప్రాణం తీసి తన ఇంటి పిల్లకి ప్రాణం పోస్తున్నారా అన్నది. ఆ పాపం రేపు ఆ పిల్ల కడుపున పుట్టే బిడ్డ మీదికి వస్తుందేమో అన్నది.

"బతికే ఉందండి, బెంగ పెట్టుకోకండి" అని ఒక్క మాట అంటే అయిపోయేది. నేనైతే అదే అనేదాన్ని. అది అబద్ధమని కూడా అనుకునేదాన్ని కాదు. డాక్టరమ్మ గారు మాత్రం ఇలా అన్నారు: "వెంట్రుకల నుంచీ, చర్మం మీద రాలే పొట్టు నుంచీ తీస్తారని చదువుకున్నాను. బతికున్న పిల్లి నుంచి తీస్తారా, చచ్చిపోయినదాన్నుంచా అన్నది నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నేను ఆ ప్రశ్న అడగలేదు. కనుక్కుని చెబుతాను."

"తెలిసేదాకా మా పిల్లకి వద్దు."

"ఆపేస్తే మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాల్సి వస్తుందండి. అది మాత్రం తెలిసి నిర్ణయం తీసుకోండి. పఫ్‌లు ఒక్క పూట కూడా మానిపించకండి. వాటిలో ఏ ప్రాణీ లేదు."

"అవి మానిపించను. ఒట్టు."

అంతే. అరగంట అయ్యాక కోడలిని తీసుకుని వెళ్ళిపోయారు. సూర్రావు గారు బల్ల మీద ఇంత మొహం చేసుకుని కూర్చున్నారు. "నా నోటికి తాళం వేయండి సత్యవతి గారూ, తాళం చెవి గోదాట్లో పడేయండి" అన్నారు. డాక్టరమ్మ గారు బయటికి వచ్చి, "మీరు నిజమే చెప్పారు సూర్రావు గారూ. చెప్పాల్సింది నేను, మొదటిరోజే" అని మాత్రం అన్నారు.

ఆ వారమే మందుల కంపెనీ తరఫున తిరిగే కుర్రాయన వచ్చాడు. మెడలో టై, చేతిలో తోలు సంచి. డాక్టరమ్మ గారు అడగ్గానే, "అబ్బే, అంతా బతికున్నవే మేడమ్, ఏమీ చంపరు" అనేశాడు.

"నువ్వు చూశావా బాబూ?"

"చూడలేదు మేడమ్. కానీ..."

"చూసినవాళ్ళతో నన్ను మాట్లాడించు. అంతవరకు ఈ సీసాలు కొత్తవాళ్ళకి మొదలుపెట్టను."

అతను బిక్కమొహం వేశాడు. ఆ మందు తయారయ్యేది దూరాన, వేరే రాష్ట్రంలో. ఆ రోజుల్లో ట్రంకు కాల్ పోయి ఎస్టీడీ వచ్చినా, కావలసిన మనిషి దొరకడం మాత్రం గగనమే. కబురు పెట్టడం, వాళ్ళు లేరనడం, మళ్ళీ చేయమనడం. రోగులు కూర్చుని ఉంటే డాక్టరమ్మ గారు ఫోను ముట్టేవారు కాదు. అందరూ వెళ్ళాక, భోజనానికి లేవకుండా తిప్పుతూ కూర్చునేవారు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఒక్క ముసలావిడ కోసం ఇంత అవసరమా అమ్మగారూ?" అన్నాను. "ఆవిడ అడిగింది నేను అడగాల్సిన ప్రశ్న సత్యవతీ. ఆవిడ నా కంటే ముందు అడిగింది, అంతే" అన్నారు.

ఈలోగా జరగకూడనిది జరిగింది. పాలకొల్లులో కొత్త ధాన్యం వచ్చే రోజులు. బస్తాలు దించుతుంటే పిల్లి భయపడి, పడకగదిలోకి దూరి మంచం మీద పడుకుందట. పద్మావతి ఎరగక అదే పక్క మీద నడుం వాల్చింది. మధ్యాహ్నానికి ఊపిరి అందలేదు. అక్కడి డాక్టరు సూది వేసి, కారెక్కించి రాజమండ్రి పంపించారు. క్లినిక్ మెట్లు భర్త ఎత్తుకుని ఎక్కాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మాట మాటకీ మధ్య ఒక్కో ఊపిరి.

నెబ్యులైజర్ పెట్టాం. అంటే మందు పొగలా మూతికి తొడిగిన తొడుగులోంచి లోపలికి వెళుతుంది. ఆక్సిజన్, ఇంకో ఇంజక్షన్ కూడా ఇచ్చారు. డాక్టరమ్మ గారు ఆ పిల్ల వీపు మీద ఒక చెయ్యి, మణికట్టు మీద ఒక చెయ్యి వేసి ఆ పక్కనే నిలబడ్డారు. ఆవిడ మొహంలో ఆదుర్దా ఎప్పుడూ కనిపించేది కాదు. మాటలు మాత్రం తగ్గిపోయేవి. "పద్మా, నా వైపు చూడు. వదులు. నెమ్మదిగా వదులు." ఆ మాటే మళ్ళీ మళ్ళీ. సుబ్బరత్నమ్మ గారు గోడకి ఆనుకుని, నోట్లో శివనామం, కళ్ళనిండా నీళ్ళు.

సాయంత్రానికి గండం గడిచింది. పద్మావతి మంచినీళ్ళు అడిగింది. అప్పుడు భర్త చేతులు జోడించాడు. "డాక్టరు గారండీ, ఆ పిల్లి మందు ఇప్పుడే వేసేయండి. మా అమ్మ ఇంక ఏమీ అనదండి. అనవు కదమ్మా?"

సుబ్బరత్నమ్మ గారు కోడలి వైపు చూసి, "అనను. ఆ పాపమేదో నా నెత్తిన పడనీ. వేసేయండి డాక్టరమ్మా" అన్నారు.

నాకు ప్రాణం లేచి వచ్చింది, అమ్మయ్య ఒప్పుకున్నారని. డాక్టరమ్మ గారు స్టెతస్కోపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి అన్నారు: "వేయనండి. ఆయాసం వచ్చిన మనిషికి ఆ సూది వేస్తే ప్రాణం మీదికి వస్తుంది, అది ఒక మాట. రెండోది, మీరిప్పుడు భయంలో ఉన్నారు. భయంలో ఒప్పుకున్నది రేపు ఇంటికెళ్ళాక మిమ్మల్ని నిద్ర పోనివ్వదు. మీ ప్రశ్నకి నేనింకా జవాబు తేలేదు. తెచ్చాక అప్పుడు చెప్పండి, వద్దన్నా సరే."

సుబ్బరత్నమ్మ గారు కళ్ళు తుడుచుకున్నారు. గోడ దగ్గర నుంచి కదిలి వచ్చి డాక్టరమ్మ గారి ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నారు. ఆ ఇద్దరూ అలా ఎదురెదురుగా కూర్చోవడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

తరవాత కొన్నాళ్ళకి ఫోను దొరికింది. ఆ మందు తయారీ చూసుకునే పెద్దాయనే మాట్లాడారట. డాక్టరమ్మ గారు పాలకొల్లు కబురు పెట్టి, అత్తాకోడళ్ళని రప్పించి, నన్నూ సిస్టర్ గారినీ కూడా నిలబెట్టి చెప్పారు.

"పెంచుకునే పిల్లులే, పశువుల డాక్టరు చూస్తూ ఉంటాడట. దువ్వెనతో దువ్వి, ఊడిన వెంట్రుకలూ పొట్టూ తీసుకుంటారట. వాటిని ద్రవంలో నానబెట్టి, వడపోసి, సారం మాత్రం ఉంచుతారు. సీసాలో వెంట్రుక ఉండదు, మాంసం ఉండదు. మన దగ్గరున్న సీసాలు అలా చేసినవే అని ఆయన చెప్పారు. వేరేచోట వేరే విధంగా కూడా చేస్తారట, అదీ చెప్పారు. నేను కళ్ళతో చూడలేదండి. ఆయన మాటే మీకు చెబుతున్నాను."

సుబ్బరత్నమ్మ గారు అడిగారు: "దువ్విన తరవాత వదిలేస్తారా?"

"వదిలేస్తారట. మళ్ళీ పెరిగాక మళ్ళీ దువ్వుతారట."

"తిండి పెడతారా?"

"అది నేను అడగలేదండి" అన్నారు డాక్టరమ్మ గారు. ఇప్పుడు ఆవిడే కొంచెం నవ్వారు. "మళ్ళీ ఫోను చేయమంటే చేస్తాను."

"వద్దులెండి, పెంచుకునేవాళ్ళు పెట్టకుండా ఉంటారా" అని సుబ్బరత్నమ్మ గారు కోడలి భుజం మీద చెయ్యి వేశారు. "చూడలేదని చెప్పారు చూశారా, అందుకు నమ్ముతున్నానండి. చూశానని అని ఉంటే నమ్మకపోదును. వేయండి."

అయితే ఆ రోజు కూడా వేయలేదు. గొట్టంలో ఊదిస్తే ముల్లు ఇంకా పాత చోటికి రాలేదు. ఇంకొన్ని వారాలు ఆగి, మోతాదు బాగా వెనక్కి తగ్గించి మొదలుపెట్టారు. మధ్యలో విరామం వస్తే ఆపినచోటి నుంచి అందుకోకూడదు. ఒళ్ళు ఆ పరిచయం కాస్త మరిచిపోయి ఉంటుంది, ఒక్కసారిగా పెద్ద మోతాదు ఇస్తే తిరగబడుతుంది. నెలల పని నీళ్ళపాలైందని సిస్టర్ గారు గొణిగారు. డాక్టరమ్మ గారు గొణగలేదు.

ఆ మరుసటి వేసవిలో ఒకరోజు జరిగిన సంగతి ఒకటుంది. అది చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. అప్పటికి పద్మావతి చక్కగా ఊదుతోంది, ముల్లు ఎప్పుడూ ఉండే చోట నిలబడుతోంది. ఆ రోజు మాత్రం అత్తాకోడళ్ళు వచ్చేసరికి ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ముక్కు కారుతోంది, ఊపిరిలో సన్నటి ఈల. ఊదిస్తే ముల్లు సగం దారిలో ఆగింది.

డాక్టరమ్మ గారు ప్రశ్నలు మొదలుపెట్టారు. జ్వరమా? కాదు. పఫ్ మానావా? లేదు. పిల్లి గదిలోకి వచ్చిందా? రాలేదు. పక్కబట్టలు మార్చారా? "నేనే ఉతికానండి" అన్నారు అత్తగారు. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నారు? "నేనేనండి, ఇంకెవరూ లేరు." ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు బాగుందా? "బంగారంలా ఉందండి. రావులపాలెం దాటాక మొదలైంది."

డాక్టరమ్మ గారికి అంతుపట్టలేదు. సుబ్బరత్నమ్మ గారు అదే అదను అనుకున్నారో ఏమో, ఒళ్ళోని చేతిసంచిలోంచి ఒక పొట్లం తీసి, రెండు చేతులతో బల్ల మీద పెట్టారు. పాత న్యూస్‌పేపరు, పైన పురికొస, కొట్లో జీలకర్ర కట్టినంత పొందికగా కట్టిన పొట్లం.

"ఏంటండీ ఇది?"

"మా పిల్లివండి. చలికాలం నుంచి రోజూ దువ్వి దాస్తున్నాను. దానికి పాలు పోసి, అన్నం పెట్టి, ఏ లోటూ లేకుండా చూసుకుంటున్నామండి. ఎక్కడో ఊరూ పేరూ తెలియని పిల్లి ఎందుకండి? మా పిల్ల మందు మా పిల్లితోనే చేయించండి. ప్రాణంతో ఉందని నేను కళ్ళతో చూసినదాన్ని."

రెండు గంటల ప్రయాణం ఆ పొట్లం కోడలి పక్కనే ఉంది.

బల్ల మీదున్న సూర్రావు గారు ఏదో అనబోయి, తన నోటి మీద తనే అరచెయ్యి వేసుకున్నారు. డాక్టరమ్మ గారు నవ్వు బయటపడనివ్వలేదు. లేచి, ఆ పొట్లాన్ని రెండు చేతులతోనే తీసుకుని, "మీరింత శ్రద్ధ పెట్టారు, నాకు చాలా సంతోషమండి" అన్నారు. తరవాత కిటికీ తెరిచి, నా చేతికి ఇచ్చి, కళ్ళతో బయటికి చూపించారు. అరవై రకాల తుమ్ముల మనుషులున్న క్లినిక్ అది. నేను ఆ పొట్లాన్ని చెయ్యి బారచాపి, పామును మోసుకెళ్ళినట్టు మెట్లు దిగి, పెరటి అవతల పెట్టి, చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చాను.

నేను వచ్చేసరికి ఆవిడ సుబ్బరత్నమ్మ గారికి నెమ్మదిగా చెబుతున్నారు. పిల్లి పడకుండా చేసేది వెంట్రుక కాదనీ, దాని ఉమ్మీ చర్మపు తడీ వెంట్రుకకి అంటుకుని ఉంటాయనీ, పొట్లం కట్టినా కంటికి కనబడకుండా బయటికి వస్తాయనీ. మందు చేయాలంటే శుభ్రమైన గది, ప్రతి సీసాలో ఒకే బలం ఉండేలా కొలత, అవన్నీ కావాలనీ. "మీరు దువ్వడం ఆపకండి, కానీ పెరట్లో దువ్వండి. దువ్వాక స్నానం చేసి లోపలికి రండి. పద్మకి నిజంగా అది మేలు."

సుబ్బరత్నమ్మ గారు కోడలి ఎర్రటి కళ్ళ వైపు చూసి నుదురు కొట్టుకున్నారు. "అయ్యో నా తల్లీ, నేనే తెచ్చి పక్కన పెట్టానే!" పద్మావతికి నవ్వాగలేదు. దగ్గుతూ నవ్వింది, నవ్వుతూ దగ్గింది. "పోనీలెండి అత్తయ్యా, మన పిల్లికి రాజమండ్రి చూసే రాత ఉంది" అంది. ఆ వారం సూది లేదు. నియమం నియమమే.

వాళ్ళు వెళ్ళాక డాక్టరమ్మ గారు గది తలుపు వేసుకుని నవ్వారు. ఎంతసేపో. మళ్ళీ బయటికి వచ్చేసరికి మామూలు మొహమే.

పద్మావతి ఐదేళ్ళు వచ్చింది. మధ్యలో ఒక బిడ్డ పుట్టింది. జబ్బు పూర్తిగా పోలేదు. పిల్లిని ఒళ్ళో పెట్టుకోలేదు ఎప్పటికీ, కొట్టు గల్లాపెట్టెలో పఫ్ ఉండేది. కానీ బస్తాల మధ్య రోజంతా కూర్చుని తూకం వేసేది, వానాకాలంలో కూడా. మళ్ళీ ఆ మెట్లు ఎవరూ ఎత్తుకుని ఎక్కాల్సిన అవసరం రాలేదు. ఆ మందు అందరికీ అంత బాగా పని చేయలేదు. మానేసినవాళ్ళూ ఉన్నారు, అదీ చెప్పాలి.

ఆ తరవాత డాక్టరమ్మ గారు ఒక పద్ధతి పెట్టారు. కొత్తగా ఎవరు వచ్చినా మొదటిరోజే, ఇంటి పెద్దవాళ్ళని కూడా పిలిపించి, సీసాలో ఏముందో, ఎలా తీస్తారో, తనకు ఏది తెలుసో, ఏది తెలియదో చెప్పాకే పరీక్ష చేసేవారు. ఇంజక్షన్ గదిలో నేను నేర్చుకున్నది అదే. సూది లోపలికి వెళ్ళేది చర్మం గుండా అయినా, ముందు దాటాల్సింది ఇంటి గడప. అడిగినదానికి తెలిసింది చెప్పాలి, తెలియనిది తెలియదనాలి, కనుక్కోవాలి, అంతవరకు ఆగాలి. ఆగినందువల్ల నెలలు పోయాయి, ఒక గండం కూడా వచ్చింది. అయినా ఆ తరవాత ఆ పని మళ్ళీ ఆగకుండా ఐదేళ్ళు సాగిందంటే ఆ ఆగడం వల్లనే.

చెప్పాల్సింది అయిపోయింది. ఇంతసేపు ఊపిరి బిగబట్టి విన్నారు, ఇక వదలండి, నెమ్మదిగా. మీ ఇంట పిల్లా పెద్దా అందరి ఊపిరీ అడ్డూ ఆయాసం లేకుండా గోదారి గాలిలా సాగాలి. మీ బస్తాలు నిండుగా, మీ గడపలోకి వచ్చే ప్రతి ప్రాణీ కడుపు నిండుగా ఉండాలి. మీ ఇంటి పెద్దలు అడగాల్సినవి అడుగుతూ, మీరు నిజం చెబుతూ, చల్లగా ఉండండి.